జ్ఞానసుందరి రాయించుకొన్న పేరు

బోనెల జ్ఞానసుందరి మొదటిసారి రికార్డుల గది గుమ్మంలో నిలబడింది 2019 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక సోమవారం. ఆ గది నరసన్నపేటలో జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఎనభై పడకల ఆసుపత్రిలో, మెట్ల కింద, మందుల దుకాణానికి వెనక ఉండేది. రోగులెవరూ అటు రారు. వైద్యం ముగించుకొని ఇళ్ళకు వెళ్ళిపోయినవారి కాగితాలు మాత్రమే అక్కడికి చేరతాయి. అందుచేత గుమ్మంలో నీడ పడగానే పద్మకుమారి తల ఎత్తకుండానే, బిల్లుల గది ఎదురుగా ఉందని చెప్పింది.

"బిల్లు గురించి కాదమ్మా. నా రోగం పేరు ఎక్కించింది నువ్వేనట గదా," అన్నదావిడ.

పద్మకుమారి తలెత్తింది. ఎదుట నిలబడిన మనిషికి యాభై రెండేళ్ళుంటాయి. పొడగరి. ఎడమ మణికట్టు విరిగి అతికినప్పుడు కొంచెం వంకర తిరిగింది. యంత్రాల హోరులో బతికినవారికి ఉండే గొంతు ఆవిడది. పక్కనున్నవారితో మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. ఆవిడ చేతిసంచిలోనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోనుంచి ఎనిమిది మడతలు పడిన కాగితం తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పరిచింది. అది అంతకుముందు వారం ఆ ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితమే.

"మా తమ్ముడు మడతెట్టీసినాడు. ఆడి సేతికి ఏ కాగితం దొరికినా అంతే. అచ్చరం పైకి కనపడకుండా మడతెట్టి జేబులో ఎట్టీస్తాడు. ఇక్కడ నాకేటి జబ్బని రాసుందో సదువు."

చదవవలసిన పని లేదు, పద్మకుమారికి గుర్తున్నది. కడుపులో మంట, వాంతులతో చేరిన స్త్రీ, రెండో రోజు పంపివేశారు. నిర్ధారణ: జీర్ణకోశపు వాపు. దానికి కె అక్షరంతో మొదలయ్యే సంకేతాన్ని కంప్యూటరులో ఎక్కించింది తానే.

ఆ పని అందరికీ తెలిసినది కాదు. ప్రతి రోగానికీ ఒక అక్షరం, దాని వెంట కొన్ని అంకెలు ఉంటాయి. శ్రీకాకుళంలో వచ్చిన రోగానికీ సముద్రాల అవతల వచ్చిన రోగానికీ అవే. వైద్యుడు రాసిన మాటను చదివి ఆ సంకేతంగా మార్చడం మెడికల్ కోడరు పని. పద్మకుమారిది శ్రీముఖలింగం దగ్గర వరి పండించే కుటుంబం. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివి, విశాఖపట్నంలో ఒక సంస్థలో ఆరేళ్ళు అమెరికా రోగుల కాగితాలకు సంకేతాలు వేసి, పెళ్ళయ్యాక ఈ ఆసుపత్రికి వచ్చింది. ఆ ఆరేళ్ళలో ఆమెకు ఒంటబట్టిన సూత్రం ఒక్కటే: వైద్యుడు రాయనిదాన్ని కోడరు ఊహించకూడదు. ఆ సూత్రం పాటించడంలో ఆమెకు కొంత గర్వం కూడా ఉండేది.

"నాను తాగుతాను," అన్నది జ్ఞానసుందరి. పంటి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పింది. "పొద్దున్న లేస్తే సెయ్యి వణుకుతాది. ఒక సుక్క పడితేగాని గలాసు నిలబడదు. డాక్టరుగారికి సెప్పినాను, ఆ నర్సమ్మకీ సెప్పినాను. ఇద్దరూ ఇన్నారు. మరి కాగితంలో ఏదమ్మా?"

నర్సు రాసిన పేజీలో ఆ మాట ఉన్నదని పద్మకుమారికి తెలుసు. 'రోజూ మద్యం తీసుకొంటానని రోగి చెబుతోంది' అన్న వాక్యాన్ని ఆమె చదివింది కూడా. వైద్యుడి పేజీలో అది లేదు. లేదు కాబట్టి వదిలేసింది. ఆ సంగతే మర్యాదగా, నెమ్మదిగా వివరించింది.

జ్ఞానసుందరి ఓపికగా అంతా విన్నది. "అంటే నువ్వు రాసింది నాకొచ్చిన రోగం కాదు. డాక్టరు పేరెట్టిన రోగం," అన్నది.

పద్మకుమారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకొన్నది. ఎదుటి కుర్చీ చూపించి కూర్చోమన్నది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిన కథ ఇది. పుట్టింది రాజాం దగ్గర, బాప్టిస్టు సంఘానికి చెందిన కూలి కుటుంబంలో. పద్ధెనిమిదో ఏట జూటు మిల్లులో నూలు వడికే పనికి చేరింది. ఇరవై ఆరేళ్ళు చేసింది. నార దుమ్ము మిల్లంతా పొగమంచులా కమ్ముకొని ఉంటుంది. షిఫ్టు దిగేసరికి గొంతులో గోనెసంచి ఇరుక్కొన్నట్టుండేది. పెద్దవాళ్ళు బెల్లం ముక్క నోట్లో వేసుకొనేవారు. బెల్లానికి కదలని దుమ్ము సారాకు కదులుతుందని తనతోటి ఆడవాళ్ళు గేటు అవతల ఒక గుడిసెకు తీసుకువెళ్ళారు. దాన్ని తాగడమని ఎవరూ అనలేదు. 'దుమ్ము కడుక్కోవడం' అనేవారు. అది మందులాగే, షిఫ్టుకొక మోతాదు. భర్త థామస్ చుక్క ముట్టినవాడు కాడు. అతడు నలభయ్యో ఏట గుండె ఆగి పోయాడు, పిల్లలు లేరు. తరవాత మిల్లు మూతపడింది. దుమ్ము లేదు, షిఫ్టు లేదు. మోతాదు మాత్రం ఆగలేదు. అప్పుడు కదా తెలిసింది, అది దుమ్ముకు వేసిన మందు కాదని.

కిందటేడు జారిపడి మణికట్టు విరిగితే మరొక ఊళ్ళో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజున ఆవిడకు గోడల మీద నార పురులు పాకుతున్నట్టు కనిపించాయి. కేకలు పెట్టింది. చీరపీలికలతో మంచానికి కట్టారు. తాగుడు హఠాత్తుగా ఆగిపోతే అలా అవుతుందని అక్కడివారికి తోచలేదు, ఎందుకంటే వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మాట్లాడవలసిన మనిషి స్పృహలో లేదు. చెప్పవలసిన తమ్ముడు నోరు విప్పలేదు. ఆరు రోజులు చావుకూ బతుక్కూ మధ్య ఊగింది.

"ఇప్పుడు గర్భసంచి తీయాలంటన్నారు. వచ్చే నెల. మల్లీ నాను మంచం మీద నోరు లేకుండా పడుంటాను. అప్పుడు నా బదులు ఈ కాగితమే మాటాడాల. ఇది అబద్ధమాడితే నాను సచ్చిపోతానమ్మా."

ఆసుపత్రిలో అప్పటివరకు ఎవరూ చేయని పని పద్మకుమారి ఆ సాయంత్రం చేసింది. వైద్యుడికి ఒక ప్రశ్నచీటీ పంపింది. విశాఖపట్నంలో అది నిత్యకృత్యం: నమోదులో లోపం కనిపిస్తే కోడరు వైద్యుణ్ణి రాతపూర్వకంగా అడగాలి, కాని జవాబును నోటికి అందించకూడదు. ఆమె మూడుసార్లు రాసి, రెండుసార్లు చింపి, చివరకు ఇలా పంపింది: 'నర్సు పేజీలో రోజూ మద్యం, ఉదయం చేతుల వణుకు అని ఉన్నది. ఈ లక్షణాలకు సంబంధించి తమ వైద్య నిర్ధారణ ఏదైనా ఉన్నయెడల దయచేసి నమోదు చేయగలరు.'

డాక్టరు నరసింగరావుగారు ఆ చీటీ పట్టుకొని మెట్లు దిగి స్వయంగా వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన హస్తవాసి గురించి చెప్పుకొంటారు. కోపంగా రాలేదు. లోకం తెలియని పిల్లకు నచ్చజెప్పడానికి వచ్చారు. ఆడమనిషి అని, చర్చికి వెళ్ళే కుటుంబమని, ఆవిడ తమ్ముడు ఏసురాజు సంఘపెద్ద అని, అతడే వచ్చి బతిమాలాడని చెప్పారు. జీర్ణకోశపు వాపు అన్నది అబద్ధం కాదు కదా, అది కూడా ఉన్నదే కదా అన్నారు. ముప్ఫై ఐదేళ్ళుగా ఆడవాళ్ళ విషయంలో తాను ఇలాగే రాస్తున్నానని, దానికి చాలామంది దండాలు పెట్టారని కూడా అన్నారు.

పద్మకుమారి కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. కిందటి ఏడాది ఆ ఆసుపత్రిలో మద్యానికి బానిసైన రోగమని ఎఫ్ అక్షరపు సంకేతం పడినవారు నూట నలభై ముగ్గురు. అందరూ మగవారు. స్త్రీల గడిలో సున్న. ఈ ఏడూ ఇప్పటివరకు అంతే.

"మగవాళ్ళకు ఎవరినీ అడగకుండానే రాశారండి," అన్నది. "మీరు రాస్తేనే నేను సంకేతం వేయగలను. రాయకపోతే ఈ గదిలో ఆవిడకు ఆ రోగం లేనట్టే. మూడో రోజు వణుకు వచ్చినప్పుడు డ్యూటీలో మీరుండకపోతే, ఉన్నవాళ్ళు ఈ గదిలోని కాగితమే చూస్తారు."

ఆయన ఆ సున్నను చాలాసేపు చూశారు. అక్కాతమ్ముళ్ళిద్దరినీ బుధవారం రమ్మని కబురు పెట్టమన్నారు.

బుధవారం వైద్యుడి గదిలో ఏసురాజు తెల్లచొక్కా, జేబులో చిన్న బైబిలుతో కూర్చున్నాడు. చెడ్డవాడు కాడు. మిల్లు మూసేశాక అక్కకు నాలుగేళ్ళు అన్నం పెట్టినవాడు అతడే. అక్కను అప్పా అని పిలుస్తూ, ఆ బలంతోనే మాట్లాడాడు.

"అప్పా, నువ్వు రాయించుకొనే కాగితం నీ దగ్గర ఉండిపోదు. ఈ ఊరు సూస్తాది, సంఘం సూస్తాది. రేపు నిన్ను బల్లకాడికి రానియ్యరు."

బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనపు బల్ల. తాగుబోతని తేలినవారికి ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం ఇవ్వకూడదని ఆ సంఘంలో కట్టడి. జ్ఞానసుందరికి పన్నెండో ఏట బాప్తిస్మం అయింది మొదలు ఆ బల్ల తప్పలేదు. అయినా ఆవిడ నవ్వింది.

"ఒరే, నన్ను మంచానికి కట్టీసినప్పుడు దెయ్యం పట్టిందని పన్నెండుగురిని తీసుకొచ్చి పాటలు పాడించినావు. ఇనపడుతునే ఉన్నాది నాకు. సగం మందికి సరణం కూడా రాదు. దెయ్యం పట్టిందంటే నీకు సిగ్గు లేదు గానీ, తాగుడంటే సిగ్గేటిరా?"

"అది ప్రార్థన అప్పా."

"ప్రార్థనే. కాదనను. దేవుడికి నిజం సెప్పి సేయాల గదా ప్రార్థన. ఆయనకీ జీర్ణకోశం అనే సెప్పినావేటి?"

నరసింగరావుగారికి నవ్వు వచ్చింది. దగ్గు నటించి ఆపుకొన్నారు. ఏసురాజు తల దించుకొన్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గించినా ఆ గదికి పెద్దదే.

"బల్లకి నన్ను రానియ్యకపోతే బయట మెట్టు మీద కూసుంటాను. మెట్టు మీద కూసుంటే సావను. ఇది రాయకపోతే సస్తాను. నువ్వే సెప్పు, ఏది గావాల నీకు?"

వైద్యుడు కాగితం దగ్గరకు లాక్కొన్నారు. అయినా వెంటనే రాయలేదు. ఎన్నేళ్ళ నుంచి, రోజుకెంత, ఉదయం ఎన్ని గంటలకు మొదలు, మానడానికి ఎన్నిసార్లు ప్రయత్నించింది, మానినప్పుడు ఏమయింది, అన్నీ అడిగారు. ముప్ఫై ఐదేళ్ళలో ఒక స్త్రీని ఆయన ఆ ప్రశ్నలు వరసగా అడగడం అదే మొదలు కావచ్చు. అడిగినదానికల్లా ఆవిడ సూటిగా జవాబిచ్చింది. అప్పుడు ఆయన పెన్ను మూత తీసి పూర్తి వాక్యంగా రాశారు: మద్యంపై ఆధారపడే వ్యాధి, మద్యం హఠాత్తుగా ఆపినప్పుడు మతిభ్రమణ చరిత్ర ఉన్నది.

ఆ మధ్యాహ్నమే పద్మకుమారి సంకేతం ఎక్కించింది. ఆ ఏటి స్త్రీల గడిలో సున్న పోయి ఒకటి పడింది.

శస్త్రచికిత్సకు పది రోజుల ముందే జ్ఞానసుందరిని చేర్చుకొని తాగుడు మాన్పించడం మొదలుపెట్టారు. మూడో రోజు వణుకు రానే వచ్చింది. ఈసారి కేస్‌షీటు అట్ట మీదే ఎర్రసిరాతో రాసి ఉండబట్టి నర్సులు దానికోసం కాచుకొని ఉన్నారు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకొకసారి అన్నది ముందే రాసి ఉంది. చీరపీలికల అవసరం పడలేదు. పద్మకుమారి రోజూ భోజనాల వేళకు వార్డుకు వెళ్ళి చూసివచ్చేది. నాలుగో రోజున ఆవిడ చెమటలో తడిసి, కళ్ళు గుంటలు పడి, రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకొని కూర్చొని ఉంది. "సూడు గుంటా, కట్లు లేవు," అని, పిల్లా అన్నంత చనువుగా, మణికట్లు రెండూ చూపించింది. ఆ తరవాత ఆపరేషను మామూలుగానే జరిగిపోయింది.

సంఘం మాత్రం తన కట్టడి తాను పాటించింది. ఏడాదిపాటు ఆవిడ బల్లకు దూరమైంది. నెలకొకసారి, బల్ల జరిగే మొదటి ఆదివారం, నిజంగానే బయట మెట్టు మీద కూర్చొనేది. లోపలనుంచి పాట ఎత్తగానే అందరికంటె గట్టిగా అందుకొనేది. పాదిరిగారు ఆ గొంతుకు అలవాటుపడి మెట్టు మీద పాట ముగిసేదాకా ఆగి ప్రార్థన మొదలుపెట్టేవారట. ఈ సంగతి చెప్పింది ఏసురాజే. చెబుతూ అతడు నవ్వాలో వద్దో తెలియక మీసం సవరించుకొన్నాడు.

ఏడాది గడిచి, ఆవిడ ఒక్క చుక్క కూడా ముట్టలేదని తేలాక, బల్లకు పిలిచారు. సాక్ష్యం చెప్పమన్నారు. తాగుడునుండి స్వస్థత పొందానని చెబితే చాలు. ఆవిడ లేచి, మానేశాను, మానడం నా పని గనుక చేశాను, స్వస్థత ఇంకా రాలేదు, వస్తే చెబుతాను అని కూర్చొన్నది. ఆ ఆదివారం గుడిలో కొందరు నొచ్చుకొన్నారు. ఆరాధన ముగిశాక గోడవారగా నిలబడి ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడను ఆ ఆసుపత్రి ఎక్కడని అడిగారు.

తాగుడు మానిన నాలుగేళ్ళకు ఇంకొక చిక్కు వచ్చింది. నరసింగరావుగారు పని తగ్గించుకొన్నారు; కొత్తగా వచ్చిన యువవైద్యుడు జ్ఞానసుందరి దగ్గుకు వైద్యం చేసి, తాగుడు మానేసిన మనిషికి ఆ పాత మరక ఎందుకని మంచితనంతోనే దాన్ని కాగితంనుంచి తొలగించాడు. సంఘంలోని స్త్రీల సమాజానికి ఆవిడను అధ్యక్షురాలిగా చేద్దామనుకొంటున్న రోజులవి. ఏసురాజు సంతోషించి కాగితం మడత పెట్టుకొన్నాడు. మర్నాడే ఆవిడ ఆ కాగితాన్ని తమ్ముడి జేబులోనుంచి తీసుకొని, మెట్ల కింది గదికి వచ్చింది.

"నాలుగేళ్ళు నోరు కట్టుకొన్నాను. ఆ నాలుగేళ్ళు ఏవమ్మా ఇందులో? రోగం కొట్టీస్తే నాను సేసిన పనీ పోతాది," అన్నది.

అందుకూ ఒక సంకేతం ఉంది. అక్షరం మారదు, చివరి అంకె మాత్రం మారుతుంది: రోగం ఉన్నది, మనిషి ప్రస్తుతం మద్యానికి దూరంగా ఉన్నది. అది కూడా వైద్యుడు రాయనిదే వేయడానికి వీల్లేదు. పద్మకుమారి మళ్ళీ ప్రశ్నచీటీ పంపింది. యువవైద్యుడు సిగ్గుపడి అదే రోజు సరిదిద్దాడు. ఆ చివరి అంకె ఏదో చూపించమని జ్ఞానసుందరి అడిగింది. తెర మీద వేలు పెట్టి చూసుకొన్నది. వేలికొసన నూలు కోసిన పాత కాయ ఇంకా ఉంది. "ఇది ఎట్టడానికి నీకు ఒక్క నిమిషం పట్టింది. నాకు నాలుగేళ్ళు పట్టింది," అన్నది, ఏ నిష్ఠూరమూ లేకుండా.

కాలేయం మాత్రం పాత లెక్క మరచిపోలేదు. 2025 వేసవిలో కాళ్ళు వాచి, పొట్ట నీరుపట్టి ఆవిడ మళ్ళీ చేరింది. గట్టిపడిన కాలేయం ఇక మెత్తబడదని నరసింగరావుగారే వచ్చి చూసి, దాచకుండా చెప్పారు. అలా చెప్పినందుకు ఆవిడ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ ఏటికి ఆ ఆసుపత్రి స్త్రీల గడిలో ఉన్న అంకె పందొమ్మిది. పద్మకుమారి ఆ సంగతి చెబితే, "సాలదు. ఇంకా ఉన్నారు," అన్నది.

ఏసురాజు చివరి వారమంతా మంచం పక్కనే ఉన్నాడు. పాలు తాగించాడు, పాదాలు పట్టాడు. గుమ్మం దాటి వచ్చి మాత్రం పద్మకుమారిని చాటుగా అడిగాడు: ఆఖరు కాగితంలో గుండె ఆగిందని రాస్తే ఏమిటి, ఎవరి గుండె అయినా చివరకు ఆగేదే కదా అని. ఆమె అతడి మీద కోపగించలేదు. అది తన చేతిలో లేదని, అక్క చేతిలోనూ తమ్ముడి చేతిలోనూ కూడా లేదని, వైద్యుడు చూసింది రాస్తారని, రాసింది తాను ఎక్కిస్తానని చెప్పింది.

లోపల ఆవిడకు అంతా వినిపించింది. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. గొంతు చాలా తగ్గిపోయింది, మామూలు మనుషుల గొంతంత అయింది. పద్మకుమారిని దగ్గరకు రమ్మని సైగ చేసింది.

"ఆడు మంచోడే. నాను పోనాక కాగితం ఆడి సేతికే ఇస్తావు గదా?"

నియమం ప్రకారం రక్తసంబంధీకుడికే ఇవ్వాలని పద్మకుమారి చెప్పింది.

"ఇయ్యి. ఇచ్చీసి, ఆడు గేటు దాటీదాకా కూడా ఎళ్ళు గుంటా," అన్నది జ్ఞానసుందరి. "మడతెట్టనీకు."